షవర్ గోడకు టైల్స్ బదులు వాటర్‌ప్రూఫ్ ప్యానెళ్లు: వేయించవచ్చా, వద్దా?

మియాపూర్ నివాసి:
మాది పదిహేనేళ్ల కిందటి అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. షవర్ ఉన్న గోడకు అడుగు వరసలో నాలుగైదు టైల్స్ వేలితో తడితే డొల్లగా మోగుతున్నాయి. సందుల్లో నింపిన తెల్ల సిమెంటు చాలాచోట్ల రాలిపోయింది. కింది ఇంటివారి పైకప్పుకు సరిగ్గా అక్కడే చెమ్మ పట్టి, సున్నం పెచ్చులుగా ఊడుతోంది. ఇప్పటికి రెండుసార్లు వచ్చి చెప్పారు. లిఫ్టులో ఎదురుపడితే తల ఎత్తలేకపోతున్నాను.

ఒక మేస్త్రి అన్నీ పగలగొట్టి, వాటర్‌ప్రూఫింగ్ చేసి, కొత్త టైల్స్ వేయాలన్నాడు. రెండు వారాలు పడుతుందట. ఇంకొకతను పాత టైల్స్ మీదే పివిసి ప్యానెళ్లు అతికించి ఒక్క రోజులో పని ముగిస్తానన్నాడు. మా నాన్నగారికి 78 ఏళ్లు, ఉబ్బసం ఉంది. టైల్స్ కోసే దుమ్ము ఇంట్లో లేస్తే ఆయన తట్టుకోలేరు. అందుకే నా మనసు ప్యానెళ్ల వైపే ఉంది. అనుభవం ఉన్నవారు చెప్పండి.

నిజాంపేట గృహిణి:
నిశ్చింతగా వేయించుకోండి. మా గోడకు ప్యానెళ్లు వేసి మూడేళ్లు దాటింది. మాకు మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. మిగతా అవసరాలన్నిటికీ బోరు నీళ్లే. పళ్లెంలో నీళ్లు ఆరితే తెల్లటి మచ్చ మిగులుతుంది, అంత ఉప్పు. టైల్స్ ఉన్నప్పుడు ఆదివారం పొద్దున్నంతా బ్రష్షు పట్టుకుని సందులు తోమడమే నా పని. యాసిడ్ పోస్తే ఉప్పు పోయేది, దానితోపాటు సందుల్లోని సిమెంటూ కరిగిపోయేది. ఇప్పుడు స్నానం కాగానే వైపర్‌తో ఒకసారి కిందికి లాగితే చాలు. ఆ చాకిరీ చేసినవారికే దీని విలువ తెలుస్తుంది.

సివిల్ ఇంజనీరు, ఉప్పల్:
అమ్మా, శుభ్రం చేయడం గురించి మీరు చెప్పినది నిజమే, నేను కాదనను. కానీ మియాపూర్ వారి ఇబ్బంది ఉప్పు మరక కాదు, కింది ఇంట్లో చెమ్మ. ఈ రెండింటినీ కలిపి చూస్తే డబ్బూ పోతుంది, చెమ్మా పోదు.

నీటిని ఆపేది టైల్ కాదు. మామూలు సిరామిక్ గోడ టైల్ తన బరువులో 10 శాతానికి పైగా నీటిని పీల్చుకోగలదు. బాగా ఎక్కువ వేడిలో గట్టిగా కాల్చిన విట్రిఫైడ్ టైల్ అయితే 0.5 శాతం లోపే, కానీ దాని చుట్టూ ఉన్న సందు మాత్రం సిమెంటే. అసలు కాపు కాసేది టైల్ కింద పూసే వాటర్‌ప్రూఫ్ పూత. అది చెడిపోయిన గోడ మీద ప్యానెల్ అతికిస్తే పుండు కడగకుండా కట్టు కట్టినట్టే.

పైగా మన స్నానాల గది తీరు వేరు. షవర్ ఒక మూలకు పరిమితం కాదు. బకెట్టు, చెంబు, బట్టలు ఉతకడం, నేల అంతా తడే. పాత అపార్ట్‌మెంట్లలో చాలావాటికి స్నానాల గది స్లాబు కిందికి దించి కడతారు. ఆ పల్లంలో పైపులు వేసి, పైన ఇటుక ముక్కలు, సిమెంటు నింపుతారు. నేల మీది నీళ్లు బయటికి పోయే జాలీ కింద ఉండే నహానీ ట్రాప్ అతుకు వదులైతే నీళ్లు ఆ పల్లంలో చేరి, నిదానంగా కిందికి దిగుతాయి. గోడకు ఏమి తొడిగినా ఆ దారి మూసుకోదు.

పగలగొట్టడానికైనా, అతికించడానికైనా ముందు నీళ్లు ఎటునుంచి పోతున్నాయో తేల్చుకోండి. మూడు రోజులు ఆ గది వాడకండి, షవర్‌కు వెళ్లే వాల్వు కూడా కట్టేయండి. తర్వాత ప్లంబర్‌ను పిలిచి గోడలోని పైపులకు ప్రెషర్ టెస్టు చేయించండి. ఒత్తిడి నిలిస్తే పైపులు బాగున్నట్టు. ఆపై నహానీ ట్రాప్ బిగించి మూసి, నేల మీద అంగుళం మేర నీళ్లు నిలబెట్టండి. కింది ఇంటివారికి ముందే చెప్పి, వాళ్ల అనుమతితోనే చేయండి.

ప్యానెళ్లు బిగించే పనివాడు:
పన్నెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, నా మాటా వినండి. బ్రిటన్‌లో షవర్ గోడలకు ప్యానెళ్లు మామూలు విషయం. ఇక్కడ చెడ్డ పేరు రావడానికి కారణం, సీలింగుకు వాడే పలచని డొల్ల పివిసి పట్టీలను తెచ్చి షవర్ గోడకు కొట్టడం. రాణిగంజ్‌లో రెండు రకాలూ పక్కపక్కనే దొరుకుతాయి, ధర చూసి చాలామంది తక్కువదే పట్టుకెళ్తారు. షవర్‌కు కావలసింది లోపల డొల్ల లేని గట్టి పలక. అతుకులు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

ఇంకో మాట. 10 అడుగుల పివిసి పలక 20 డిగ్రీలు వేడెక్కితే 3, 4 మిల్లీమీటర్లు పొడుగవుతుంది. టైల్ అందులో సుమారు పదో వంతే పెరుగుతుంది. అందుకే పలక చివర్లలో ఖాళీ వదిలి, రబ్బరులా సాగే సిలికాన్ నింపాలి. ఖాళీ వదలకుండా బిగిస్తే వేసవిలో పలక ఉబ్బి అతుకు విడుతుంది. ఒక్క రోజులో పని అయిపోతుందన్నది నిజమే, కానీ సిలికాన్ పూర్తిగా ఆరేదాకా ఆ షవర్ వాడకూడదు. ఈ మాట ఎవరూ చెప్పరు.

కొత్తపేట ఇంటి యజమాని:
మా అద్దె వాటాలో డొల్ల టైల్స్ మీదే ప్యానెళ్లు వేయించాను. రెండేళ్లకు మూల సిలికాన్ నల్లబడి విడిచింది. బయటికి అంతా నున్నగానే కనిపించేది. అద్దెకున్న అమ్మాయి వాసన వస్తోందని చెబితే ఒక పలక విప్పించాను. వెనక గోడంతా నల్లటి బూజు. ఆ గదిలోనే చంటిబిడ్డకు స్నానం చేయించేవాళ్లు. నాకు ఇప్పటికీ బాధగా ఉంది. టైల్స్ అయితే పగులు కంటికి కనిపిస్తుంది, ప్యానెల్ వెనక ఏమవుతోందో విప్పితే తప్ప తెలియదు.

ప్యానెళ్లు బిగించే పనివాడు:
డొల్ల టైల్స్ ముందే తీసి, ఆ చోటు పూడ్చి, ఆరాక వేసి ఉంటే అలా జరిగేది కాదండి. తడి గోడ మీద నేనైతే పలక అతికించను. ఆ కారణంగా పని వదులుకున్న రోజులు ఉన్నాయి.

నిజాంపేట గృహిణి:
ఇంజనీరు గారూ, మీ మాట సబబే. కానీ ఇంట్లో ఉబ్బసం ఉన్న పెద్దాయనను పెట్టుకుని రెండు వారాలు దుమ్ములో ఉండడం ఎలాగో కూడా ఆలోచించాలి కదా. గోడ బాగుండి నేల మాత్రమే చెడితే, గోడ టైల్స్ అన్నీ ఎందుకు పగలగొట్టాలి?

సివిల్ ఇంజనీరు, ఉప్పల్:
అన్నీ పగలగొట్టమని నేను అనడం లేదమ్మా. నేల తీసి కొత్త పూత వేసినప్పుడు గోడ మీదికి కూడా అడుగు ఎత్తు పూయాలి. అందుకోసం కింది వరస తీయక తప్పదు. పైన ప్యానెల్ వేస్తారా, పాత సందులు గీకి, సిమెంటుకు బదులు వాడే గట్టి రెజిన్ ముద్ద అయిన ఎపాక్సీ గ్రౌట్ నింపుతారా అన్నది మీ ఇష్టం. ఎపాక్సీ యాసిడ్‌కు సిమెంటులా కరిగిపోదు. నాకైతే అదే మేలనిపిస్తుంది. పలక వెనక కనబడని ఖాళీని నేను నమ్మలేను.

మియాపూర్ నివాసి:
వారం తర్వాత రాస్తున్నాను. గది వాడకం ఆపిన మూడు రోజుల్లో కింది ఇంటి మరక కొద్దిగా పాలిపోయింది. పైపుల్లో ఒత్తిడి నిలిచింది. శనివారం రాత్రి నేల మీద నీళ్లు నిలబెట్టాను. తెల్లవారుజామున కింది ఇంటాయన ఫోను చేశారు, గిన్నె పెట్టిన చోట చుక్కలు పడుతున్నాయట. షవర్ గోడ మీద చుక్క నీరు పడలేదు, అయినా కారింది. మొదటి మేస్త్రి నేల గురించి చెప్పాడు గానీ, రెండో అతను ఆ ఊసే ఎత్తలేదు.

నేల, నహానీ ట్రాప్, గోడకు కింది వరస తీయిస్తున్నాం. పని అయ్యేదాకా నాన్నగారు మా చెల్లెలి ఇంట్లో ఉంటారు. గోడ పైభాగం సంగతి ఇంకా తేల్చుకోలేదు. ఇంట్లో ఆవిడకు ప్యానెళ్ల మీదే మనసు, రోజూ తోమేది తనే. ఇంకో సందేహం. నాన్నగారు పట్టుకోవడానికి గోడకు స్టీలు కడ్డీ బిగించాలి. ప్యానెల్ మీద బిగిస్తే ఆగుతుందా?

ప్యానెళ్లు బిగించే పనివాడు:
పలక మీద ఎప్పుడూ బిగించకండి. బోల్టు పలకను దాటి ఇటుక గోడలోకి దిగాలి, రంధ్రం చుట్టూ సిలికాన్ పెట్టాలి. డొల్ల టైల్ ఉన్న చోట అసలే వద్దు. పని మొదలుపెట్టే ముందు నాన్నగారిని ఒకసారి ఆ గోడ పక్కన నిలబెట్టి, చేయి సహజంగా ఎక్కడికి వెళ్తుందో అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.