ఫైర్ రేటింగ్‌ను బట్టి గోడలకు రంగులు: మాంచెస్టర్‌కు కొత్తగా వచ్చిన తమ్ముడికి

గాజువాక తమ్ముడు:
అన్నలకు, అక్కలకు నమస్కారం. ఈమధ్యే మాంచెస్టర్ వచ్చి ఒక డిజైన్ ఆఫీసులో చేరాను. భవనం మోడల్ చేసేది మన వైజాగ్‌లోనే, రుషికొండ టీం. ఆ మోడల్ ఉండే రెవిట్ సాఫ్ట్‌వేర్‌లో గోడలన్నిటికీ ఫైర్ రేటింగ్‌ను (గోడ మంటను ఎంతసేపు ఆపగలదో చెప్పే విలువ) బట్టి రంగులు వేసి చూపించమని ఇక్కడి మేనేజర్ అడిగారు. రెవిట్‌కు స్క్రిప్టులు తయారుచేసే డైనమోలో స్క్రిప్ట్ చేస్తే ప్రతి గోడకూ ఖాళీయే వస్తోంది. టెన్షన్‌గా ఉంది.

మద్దిలపాలెం అన్న, లండన్:
కంగారు పడకు తమ్ముడూ. రెవిట్‌లో గోడ ఫైర్ రేటింగ్ ఉండేది టైప్‌లో (ఒకే రకం గోడలన్నిటికీ ఉమ్మడి వివరాలు ఉండే చోటు), విడి గోడలో కాదు. ముందు ఎలిమెంట్ టైప్ నోడ్ (నోడ్ అంటే డైనమోలో ఒక్కో పని చేసే డబ్బా) పెట్టి, అక్కడి నుంచి విలువ తీసుకో. ఒకే విలువ ఉన్న గోడలను గ్రూప్ బై కీ నోడ్‌తో గుంపులు చేసి, ఒక్కో గుంపుకూ రంగు ఇచ్చి, ఓవర్‌రైడ్ కలర్ ఇన్ వ్యూ నోడ్‌కు కలుపు.

ఆ రంగులు తెరిచి ఉన్న వ్యూలోనే, అంటే మోడల్‌ను చూపే ఆ ఒక్క డ్రాయింగ్‌లోనే పడతాయి. టీం వాడే వ్యూ జోలికి పోకు, డూప్లికేట్ తీసుకో. రేపు ఎవరైనా రేటింగ్‌ను 30 నిమిషాల నుంచి 60 చేస్తే రంగు దానంతటది మారదు, స్క్రిప్ట్ మళ్ళీ నడపాలి. షీట్ మీద ఎప్పటికీ ఉండాలంటే వ్యూ ఫిల్టర్లే (విలువను బట్టి రెవిట్ తానే రంగు వేసే నియమాలు) మంచివి.

అన్నిటికన్నా కొట్టొచ్చే రంగు ఖాళీ గోడలకు ఇవ్వు. ముగ్గురు మూడు రకాలుగా ‘60’, ‘60 నిమిషాలు’, ‘1 గంట’ అని రాసి ఉంటే మూడు రంగులు పడతాయి. అందంగా లేదని వాటిని స్క్రిప్ట్‌లో కలిపేయకు. మేనేజర్ చూడాల్సింది అదే. 2017లో లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అనే అపార్ట్‌మెంట్ మంటల్లో 72 మంది పోయారు. ఆ తర్వాత 2022లో ఇక్కడ భవన భద్రతా చట్టం తెచ్చారు. గోడకు రేటింగ్ రాసి లేదంటే చిన్న విషయం అనుకోకు.

ఎంవీపీ కాలనీ అక్క, లీడ్స్:
ఎరుపు, ఆకుపచ్చ జంటగా వాడకు తమ్ముడూ. ఇక్కడి మగవాళ్లలో దాదాపు 12 మందికి ఒకరు ఆ రెండిటినీ సరిగ్గా పోల్చుకోలేరు. నీలం, నారింజ తీసుకో, లెజెండ్‌లో (ఏ రంగు దేనికో చెప్పే పట్టికలో) విలువ కూడా రాయి. ఖాళీగా ఉన్న టైపుల పేర్లు రుషికొండకు పంపు. ఒక టైప్ సరిచేస్తే దాని గోడలన్నీ సరవుతాయి. పొద్దున్నే పంపాలి సుమా. నీ మధ్యాహ్నం 12 అంటే వాళ్లకు వేసవిలో నాలుగున్నర, చలికాలంలో ఐదున్నర. భోజనం చేసొచ్చి పంపితే మర్నాటికే చూస్తారు.