అప్‌డేట్: జెల్ల ముల్లు గుచ్చుకున్నాక తగ్గని వాపు, కారణం తెలిసింది

భీమిలి తీరంలో గాలానికి పడిన జెల్లను (మీసాలుండే చేప) విడిపిస్తుండగా దాని పక్క ముల్లు మా తమ్ముడి బొటనవేలి మొదట్లో దిగబడిందని, నొప్పి తగ్గినా వాపు వారాల తరబడి అలాగే ఉండిపోయిందని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ ధన్యవాదాలు.

ముల్లు ముక్క లోపలే మిగిలి ఉండవచ్చు, ఎక్స్‌రే తీయించమన్న సలహాయే అక్కరకు వచ్చింది. ఎక్స్‌రేలో సన్నని గీతగా మాత్రమే కనిపించిన దానిని అల్ట్రాసౌండ్‌తో నిర్ధారించుకుని, సర్జన్ మా తమ్ముడి చేతికి మత్తు ఇచ్చి తీశారు. అర సెంటీమీటరైనా లేని ఆ ముక్క అంచున రంపపు పళ్లవంటి నొక్కులు వెనక్కి వంగి ఉన్నాయి. అందుకే ఈ ముల్లు దిగినంత తేలికగా బయటికి రాదని ఆయన చూపించారు. టెటనస్ ఇంజెక్షన్‌తో పాటు, ఉప్పునీటిలో ఉండే విబ్రియో బాక్టీరియాను దృష్టిలో ఉంచుకుని యాంటీబయాటిక్ కూడా రాశారు.

గుచ్చుకున్న చోటును వేడినీళ్లలో ఉంచమన్న సలహా సరైనదే గానీ, అది గుచ్చుకున్న వెంటనే చేయవలసిన పని. జెల్ల ముల్లుకు ఉండే విషంలోని ప్రోటీన్లు వేడికి చెడిపోతాయి కనుక, చర్మం కాలకుండా సుమారు 45 డిగ్రీల నీటిలో 30 నుంచి 90 నిమిషాలు ఉంచితే నొప్పి తగ్గుతుంది. లోపల విరిగిన ముక్కకు మాత్రం అది మందు కాదు. వాపు తగ్గకపోవడానికి గాలం తుప్పో, షుగరో కారణమేమోనన్న అనుమానాలు రెండూ నిజం కాదని తేలింది. సున్నం, పసుపు పట్టు వల్ల ఒరిగిందేమీ లేకపోగా, గాయం నోరు కనబడకుండా పోయిందని డాక్టరు విసుక్కున్నారు కూడా.

వాపు పూర్తిగా దిగింది, పిడికిలి బిగుస్తోంది. ఇప్పుడు మావాడు జెల్ల పడితే పట్టకారు లేకుండా ముట్టుకోవడం లేదు.