కాంక్రీటు దిమ్మల్లో పుచ్చిపోయిన కంచె గుంజలను మార్చడం ఎలా?

ప్రశ్న:
మా పెరటి కంచెకు కాంక్రీటు పోసి నిలిపిన చెక్క గుంజల్లో కొన్ని నేలమట్టం దగ్గర పుచ్చిపోయి, చేత్తో నెడితే ఊగుతున్నాయి. వాటి పైభాగమూ, మధ్యనున్న పలకల చట్రాలూ గట్టిగానే ఉన్నాయి. గుంజలను మార్చాలంటే దిమ్మలను తవ్వి తీయక తప్పదా? తెలిసినవారు చెప్పగలరు.

మొదటి సమాధానం:
తీయడమే శాశ్వతమైన పద్ధతి. ముందుగా చట్రాలను విప్పి పక్కన పెట్టండి. ఆ చోట భూమిలో కరెంటు తీగలు, నీటి గొట్టాలు లేవని నిర్ధారించుకోండి. దిమ్మ చుట్టూ తవ్వనక్కరలేదు. ఒక పక్కన దిమ్మ అడుగుభాగం దాకా గొయ్యి తీసి, అవతలి పక్క నుంచి గునపంతో నెడితే దిమ్మ అందులోకి ఒరుగుతుంది. మోడులో ఇంకా గట్టి చెక్క మిగిలి ఉంటే, దానికి పొడవాటి మరలు బిగించి, గొలుసు తగిలించి, ఇటుకల మీద ఆనించిన దూలాన్ని మీటగా వేసి పైకి లేపవచ్చు. చెక్క పిండిపిండిగా రాలుతుంటే మరలు పట్టవు. అప్పుడు సమ్మెటతో పగలగొట్టడమే దారి, కళ్లకు అద్దాలు మరువకండి.

రెండో సమాధానం:
పైభాగం గట్టిగా ఉందంటున్నారు కనుక అంత శ్రమ అవసరం లేదని నా అభిప్రాయం. పుచ్చిన భాగాన్ని కోసేసి, దిమ్మ పక్కనే పొట్టి కాంక్రీటు స్తంభాన్ని పాతి, గుంజను దానికి బోల్టులతో బిగిస్తే సరిపోతుంది. చూడటానికి అందంగా ఉండదు, నిజమే. కానీ చెక్క మళ్లీ మట్టిని తాకదు.

అడిగినవారు:
దిమ్మలోని పుచ్చిన చెక్కను తొలిచివేసి, అదే రంధ్రంలో కొత్త గుంజను దించవచ్చా?

మూడో సమాధానం:
దించవచ్చు గానీ, దిమ్మ అడుగు మూసుకుపోయి ఉంటే గుంజను నీళ్ల గిన్నెలో నిలబెట్టినట్టే. చెక్కను పుచ్చబెట్టే శిలీంధ్రాలకు తేమ, గాలి రెండూ కావాలి. అవి రెండూ కలిసి దొరికేది నేలమట్టం దగ్గరే కనుక గుంజ అక్కడే ముందు పాడవుతుంది. ఆరినప్పుడు చెక్క కుంచించుకుపోవడంతో, దానికీ కాంక్రీటుకూ మధ్య ఏర్పడే సన్నని సందులోకి వాననీరు దిగి నిలిచిపోతుంది. అందువల్ల కొత్త గోతిలో ముందు 10 నుంచి 15 సెంటీమీటర్ల మందాన కంకర పరిచి, గుంజను దానిమీదే నిలిపి, కాంక్రీటును చుట్టూ మాత్రమే పోయండి. దాని పైఅంచు నేలకంటే కాస్త ఎత్తుగా, నీరు బయటికి జారేలా వాలుగా ఉండాలి. 1.8 మీటర్ల కంచెకు గుంజ 60 సెంటీమీటర్లు భూమిలో ఉండటం మంచిది. నేలలో పాతడానికి తగిన రక్షణ మందు పట్టించిన కలపనే తీసుకోండి. కోసిన చివరను కిందికి పెట్టకండి, ఆ కోతకు మందు పూయండి. గుంజ నిటారుగా ఉందో లేదో రెండు పక్కల నుంచీ మట్టం చూసి ఊతకర్రలు కట్టండి. కాంక్రీటు గట్టిపడేదాకా, అంటే కనీసం రెండు రోజులు, చట్రాలు బిగించకండి.