అప్‌డేట్: ఎనిమిది కాళ్ల రాతి తోరణం గురించి

చైనాలో, అన్హుయి రాష్ట్రంలోని షెషియన్ పాత ఊళ్లో చూసిన రాతి కట్టడం ఏ గుడి ద్వారమని, దాని మీద చిరుతపులులు, పిట్టలు ఎందుకని అడిగాను. మరోసారి వెళ్లి తీరిగ్గా చూసి వచ్చాను.

అది గుడి ద్వారం కాదు. మింగ్ రాజవంశ కాలపు మంత్రి షు గువో గౌరవార్థం 1584లో, ఆయన బతికుండగానే నిలిపిన కీర్తి తోరణం. మామూలుగా ఇలాంటివాటికి నాలుగు స్తంభాలు ఒకే వరుసలో ఉంటాయి. ఇక్కడ ఎనిమిది స్తంభాలు దీర్ఘచతురస్రంగా నిలబడ్డాయి. రాతి దూలాలను కొయ్యపనిలో లాగే ఒకదానిలో ఒకటి దిగేలా చెక్కారు. షు గువో నాలుగు కాళ్లకు అనుమతి తెచ్చుకుని ఎనిమిది కట్టించాడని ఊళ్లో కథ చెబుతారు. కథ బాగుంది, నమ్మకం మీ ఇష్టం.

ఇక చిరుతల సంగతి. చైనా భాషలో చిరుత ‘బావ్’. కబురు చెప్పడం అన్న మాట కూడా అచ్చం అలాగే పలుకుతుంది. పక్కనున్నది ‘షి’ పిట్ట, అంటే సంతోషం. మూడు చిరుతలు, ఆ పిట్ట కలిస్తే ‘మూడు శుభవార్తలు’. రాతిలో శ్లేష! మొదటిసారి చూడగానే వాటిని పులులనుకుని వేట దృశ్యమని తీర్మానించేశాను.

స్తంభాల మొదట్లో సింహాలు పన్నెండు. ఒకదాని జూలు ఉంగరాల మధ్య దుమ్ము పేరుకుంది. వేలితో తుడిస్తే ఉలి గీతలు ఇంకా తెలుస్తున్నాయి.