డల్లాస్ కంపెనీ, హైదరాబాద్‌లో ఆరుగురు: కాంట్రాక్టర్లా, ఈఓఆరా, సొంత ప్రైవేట్ లిమిటెడా?

ఫ్రిస్కో_బాబాయ్: టెక్సాస్‌లో నాకు ఎల్‌ఎల్‌సీ (అక్కడి చిన్న కంపెనీ) ఉంది. హైదరాబాద్‌లో ఆరుగురు డెవలపర్లు కావాలి. కాంట్రాక్టర్లుగా పెట్టుకుని నెలనెలా డబ్బు పంపడమా, ఈఓఆర్ (మన తరఫున అక్కడ యజమానిగా ఉండే మధ్యవర్తి కంపెనీ) వాళ్ల పేరోల్‌లో పెట్టించి తలకింత ఫీజు కట్టడమా, సొంతంగా ప్రైవేట్ లిమిటెడ్ తెరవడమా? ఆరుగురి కోసం కంపెనీ దండగ అనిపిస్తోంది. నా అసలు చిరాకు నోటీస్ పీరియడ్. పాత కంపెనీ నోటీసు అయ్యేదాకా 90 రోజులు ఆగితే, చివరి వారంలో ఇంకో ఆఫర్ చూసుకుని హ్యాండిచ్చాడు ఒకడు.

గచ్చిబౌలి_ఆడిటర్: నోటీసు సంగతి తర్వాత చూద్దాం సర్. కోడ్ ఎవరిదో ముందు తేల్చుకోండి. ఉద్యోగి రాసింది యజమానికే చెందుతుంది. కాంట్రాక్టర్ రాసింది మాత్రం రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప మీది కాదు. ఆ బదిలీలోనూ ఇండియా కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ మెలికలున్నాయి. కాలవ్యవధి రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. పైగా, వేరేగా రాసుకోకపోతే, ఏడాదిలోపు ఆ హక్కును వాడుకోకున్నా బదిలీ రద్దయిపోతుంది. అమెరికా టెంప్లేట్‌లో ఈ మూడూ ఉండవు. "శాశ్వతంగా, ప్రపంచమంతటా, 19(4) వర్తించదు" అని రాయించండి. 19(4) అంటే ఆ ఏడాది మెలికే.

ఫ్రిస్కో_బాబాయ్: సరే, రాయిస్తా. నోటీసు సంగతి?

హెచ్ఆర్_సుజాత: 90 రోజులు చట్టం కాదండీ, కంపెనీలు రాసుకున్న ఒప్పందం. తెలంగాణ షాప్స్ చట్టం ప్రకారం ఆరు నెలలు పనిచేసినవాళ్లని తీసేయాలంటే ఒక నెల నోటీసు గానీ నెల జీతం గానీ ఇవ్వాలి. మీ లెటర్‌లో 30 రోజులే పెట్టుకోండి. పాత కంపెనీలో నోటీసు సర్వ్ చేస్తున్నవాళ్లయితే బయౌట్ (మిగిలిన నోటీసు రోజుల డబ్బు) మీరు కడతామనండి. ఇక లాస్ట్ వర్కింగ్ డే రాతలో చూపించినవాళ్లకే ఆఫర్ ఇవ్వండి. ఆఫర్ ఇచ్చి 90 రోజులు మాట్లాడకుండా కూర్చుంటే హ్యాండివ్వక ఏం చేస్తారు?

కూకట్‌పల్లి_కోడర్: బాబాయ్, కాంట్రాక్టర్ అంటే మా పరిస్థితి ఏంటో చెప్పనా? హోం లోన్‌కి వెళితే బ్యాంకువాడు పే స్లిప్పులు, ఫామ్ 16 అడుగుతాడు. మా దగ్గర ఉండేది ఇన్వాయిస్‌లే. పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు, అమ్మానాన్నలకి ఇన్సూరెన్స్ లేదు. ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్, ఏటా ఎల్‌యూటీ (ఎగుమతికి జీఎస్టీ కట్టకుండా ఇచ్చే హామీపత్రం) మాకే చుట్టుకుంటాయి.

ఫ్రిస్కో_బాబాయ్: సగం ఆదాయమే లాభంగా చూపించి పన్ను తగ్గించుకునేదీ మీరేగా? ఆ సంగతి చెప్పవేం? 7 రోజుల నోటీసుతో కాంట్రాక్ట్ ఇస్తా. వాళ్లకీ స్వేచ్ఛ, నాకూ స్వేచ్ఛ.

గచ్చిబౌలి_ఆడిటర్: మీ లాప్‌టాప్, రాత్రి 8:30కి మీ రోజువారీ స్టాండప్ మీటింగ్ (నవంబర్‌లో అక్కడ గడియారం మారగానే 9:30), సెలవుకి మీ అనుమతి, ఇంకో క్లయింట్ పని చేయకూడదని షరతు. వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఏ అధికారికైనా ఉద్యోగే కనిపిస్తాడు. కాగితం మీద పేరుని కాదు, అజమాయిషీ ఎవరిదని చూస్తారు.

ఫ్రిస్కో_బాబాయ్: కంపెనీ పెట్టిస్తే మీలాంటి ఆడిటర్లకి ఏటా ఫీజు. అందుకే ఈ భయపెట్టడం.

మూలన_కూర్చున్నా: 🍿

గచ్చిబౌలి_ఆడిటర్: కంపెనీ పెట్టమని నేనెక్కడన్నాను? దాని ఖర్చూ చెబుతున్నా, వినండి. ఇద్దరు డైరెక్టర్లు ఉండాలి, వాళ్లలో ఒకరు ఏడాదికి 182 రోజులు ఇండియాలో ఉండేవారై ఉండాలి. డల్లాస్ నుంచి వచ్చే కాగితాలకి నోటరీ, అపోస్టిల్. పెట్టుబడి వచ్చి షేర్లు ఇచ్చిన 30 రోజుల్లో ఆర్‌బీఐకి ఎఫ్‌సీ-జీపీఆర్ ఫామ్. ఏటా జూలై 15కి ఆర్‌బీఐకే విదేశీ పెట్టుబడి లెక్కల ఎఫ్ఎల్ఏ రిటర్న్. అమ్మకాలు సున్నా అయినా ఆడిట్ తప్పదు. మాతృసంస్థతో ఎంత చిన్న లావాదేవీ ఉన్నా ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ రిపోర్ట్ (రెండు కంపెనీల మధ్య ధర న్యాయంగా ఉందని చూపేది) ఇవ్వాలి. మీ వైపు అమెరికా పన్ను శాఖకి విదేశీ కంపెనీ వివరాల ఫామ్ 5471, అది వేయకపోతే 10,000 డాలర్ల పెనాల్టీ. పీఎఫ్ నంబర్ రిజిస్ట్రేషన్‌తోనే వచ్చేస్తుంది గానీ 20 మంది అయ్యేదాకా కట్టడం తప్పనిసరి కాదు.

ఇంకోటి. అక్కడి మేనేజర్ వచ్చి పర్యవేక్షించి వెళితే ఫర్వాలేదు, 2007 మోర్గాన్ స్టాన్లీ తీర్పులో సుప్రీంకోర్టు ఆ తేడా చెప్పింది. కానీ మీ సొంత ఇండియా కంపెనీ కోసం ఆయనే ఇక్కడ కూర్చుని పనిచేస్తే, ఇండియా-అమెరికా పన్ను ఒప్పందంలోని 90 రోజుల వెసులుబాటు వర్తించదు. సంబంధిత సంస్థ కాబట్టి మొదటి రోజు నుంచే పీఈ గొడవ, అంటే ఇక్కడ మీకు శాశ్వత కార్యస్థానం ఉందని లెక్కగట్టి పన్ను అడగడం.

హెచ్ఆర్_సుజాత: అమెరికా పన్ను చట్టం 174వ సెక్షన్ కూడా చెప్పండి సర్, చాలామంది అక్కడే దెబ్బతింటున్నారు.

గచ్చిబౌలి_ఆడిటర్: అవును. అక్కడి 2025 పన్ను చట్టం తర్వాత అమెరికాలో చేయించిన సాఫ్ట్‌వేర్ ఖర్చుని ఆ ఏడాదే రాసేసుకోవచ్చు. బయట చేయించింది మాత్రం ఇప్పటికీ 15 ఏళ్లకి పరచాలి, మొదటి ఏడాది అందులోనూ సగమే. ప్రాడక్ట్ మీదైతే, ఇక్కడ 1,50,000 డాలర్లు ఖర్చుపెట్టినా మొదటి ఏడాది తగ్గేది 5,000. కాంట్రాక్టరైనా, ఈఓఆరైనా ఇది మారదు. జీతాల తేడా లెక్కేసేటప్పుడు దీన్ని ఎవరూ కలపరు.

ఫ్రిస్కో_బాబాయ్: ఇవన్నీ నా సీపీఏ (ఇక్కడి ఆడిటర్) చూసుకుంటాడు. నాకున్నది ఒకే పెద్ద క్లయింట్. వాడు రేపు వద్దంటే ఆరుగురిని అదే రోజు ఆపగలగాలి. ప్రైవేట్ లిమిటెడ్ అయితే మూసేయడానికే ఏళ్లు పడుతుంది.

కూకట్‌పల్లి_కోడర్: అదీ సంగతి! ఇంతసేపూ నోటీసు నోటీసు అన్నది ఇందుకా? మేం వెళ్లేటప్పుడు 90 రోజులు ఎక్కువ, మీరు పంపేటప్పుడు 7 రోజులు కూడా ఎక్కువే. క్లయింట్ పోతే ఆ నష్టం మొత్తం మా నెత్తిన.

ఫ్రిస్కో_బాబాయ్: నా ఇల్లు తాకట్టు పెట్టి నడుపుతున్నా తమ్ముడూ. నష్టం నాకు లేదా?

కూకట్‌పల్లి_కోడర్: ఉంది. లాభమొస్తే అదీ మీదే కదా. నాకు రేటు పెంచుతారా?

గచ్చిబౌలి_ఆడిటర్: ముందే ఒక్క క్లయింట్ అని చెప్పుంటే ఇంత రాసేవాణ్ణి కాదు. స్ట్రయిక్ ఆఫ్‌కి, అంటే రిజిస్టర్ నుంచి కంపెనీ పేరు తీయించడానికి, మామూలుగా వెనకటి రెండు ఆర్థిక సంవత్సరాలూ వ్యాపారం ఆగి ఉండాలి, పాత రిటర్నులన్నీ వేసి ఉండాలి. మీకది కుదరదు. ఈఓఆర్‌కే వెళ్లండి.

హెచ్ఆర్_సుజాత: వెళ్లేముందు ఈఓఆర్ వాళ్లని మూడు అడగండి. పేరోల్ వాళ్ల సొంత ఇండియా కంపెనీదేనా, మధ్యలో ఇంకొకరున్నారా? పీఎఫ్ అసలు బేసిక్ మీద కడతారా, 15,000 పరిమితి మీద 1,800తో సరిపెడతారా? కోడ్ హక్కులు డెవలపర్ నుంచి వాళ్లకి, వాళ్ల నుంచి మీకు అని రెండు మెట్లూ రాశారా?

మనిషిని ఆపితే ఫుల్ అండ్ ఫైనల్ జీతం రెండు పనిదినాల్లో పడాలి. 2025 నవంబర్ 21 నుంచి లేబర్ కోడ్‌లు అమల్లో ఉన్నాయి. ఏడాది ఫిక్స్‌డ్ టర్మ్ ఇస్తే ఏడాది పూర్తయ్యాక గ్రాట్యుటీ కూడా వస్తుంది, ఐదేళ్లు ఆగక్కర్లేదు. అందుకని మనిషికి ఒక నెల జీతం, ఆ గ్రాట్యుటీ కలిపి విడిగా ఉంచండి.

ఫ్రిస్కో_బాబాయ్: అంటే ఆరుగురికీ తలా ఒక నెల జీతం ఊరికే పక్కన పెట్టాలా?

కూకట్‌పల్లి_కోడర్: ఊరికేనా?