అప్‌డేట్: మెట్నర్‌ను విన్నాను

షోపాన్, రహ్మానినోవ్ కాక, మరుగున పడ్డ రొమాంటిక్ (భావావేశానికి పెద్దపీట వేసే పాశ్చాత్య శాస్త్రీయ శైలి) పియానో సంగీతంలో ఏది వినాలని అడిగాను కదా. ఎక్కువ మంది చెప్పిన రష్యన్ స్వరకర్త, పియానిస్టు నికొలాయ్ మెట్నర్‌తోనే, ఆయన పియానో రచన ‘సొనాటా రెమినిసెంజా’తోనే మొదలుపెట్టాను. మొదట చప్పగా అనిపించింది. పనులన్నీ పక్కన పెట్టి వింటే గానీ ఆ ఆరంభ స్వరమాల పట్టుబడలేదు. సొనాటా మధ్యలోనూ చివరా అదే తిరిగి వస్తుంది; అదే సంపుటిలోని ‘కాంజొనా సెరెనాటా’ కూడా దానితోనే మొదలవుతుంది.

అసలు విశేషం వేరే ఉంది. 1940లలో లండన్‌లో మెట్నర్ స్వయంగా వాయించిన రికార్డులకు డబ్బు సమకూర్చింది మన పక్క మైసూరు మహారాజు జయచామరాజేంద్ర ఒడెయర్! మెట్నర్ మూడో పియానో కాన్చెర్టో (పియానో, ఆర్కెస్ట్రా కలిసి వాయించే రచన) అంకితం కూడా ఆ మహారాజుకే. పాత రికార్డులు కదా, గరగర తప్పదు; అయినా నాకు అవే నచ్చాయి. మెట్నర్ ‘స్కాజ్కి’లలో (‘కథలు’ అనే చిన్న పియానో రచనల్లో) ముందుగా ఏది వినమంటారు?