సమస్య: ‘పాట మానగానె పాఠ మెక్కె’

నిర్వాహకుడు, నెల్లూరు:
ఆటవెలది చివరి పాదం ఇది. పాటతో నాటకపాఠం చెప్పడం మీద పూరించండి. శాకుంతలం ప్రస్తావనలో, అంటే అసలు కథకు ముందొచ్చే పరిచయ ఘట్టంలో, నటి వేసవి మీద పాడిన పాటలో పడి సూత్రధారుడు తాను ఆడించాల్సిన నాటకాన్నే మరచిపోతాడు. ఆ నాటకాన్ని తెలుగు చేసిన వేదం వేంకటరాయశాస్త్రి గారు 1899లో ఆంధ్రభాషాభిమాని సమాజం పెట్టింది మన ఊళ్లోనే.

కందుకూరు సభ్యుడు:
చేతిలోని ఫోను చెవులలో వాయింప
నాటకంబు తలకు నాటదాయె
దాని నాపి పెట్ట దారికి వచ్చెను
పాట మానగానె పాఠ మెక్కె

నిర్వాహకుడు:
గణాలు, యతులు సరిపోయాయి. రెండో పాదం నోటికి హాయిగా ఉంది. కానీ అన్నా, నాటకంలోని పాటను అడిగితే ఫోను పాటతో సమస్యను దాటేశారు.

ఒంగోలు హార్మోనిస్టు:
పద్యనాటకాన పలుమారు రాగాలు
తీయ నర్థమెల్ల తీరు దప్పె
చదివి చెప్పినాను చక్కగా విడదీసి
పాట మానగానె పాఠ మెక్కె

కావలి టీచరు:
నిజమే అన్నా, ఆలాపన సాగేకొద్దీ పద్యంలో మాట జారిపోతుంది. అయితే పాటే అర్థమైన చోటు కూడా ఉంది. అయిదో అంకంలో తెర వెనక హంసపదిక పాడుతుంది: మామిడి పూగుత్తిని ముద్దాడిన తుమ్మెదా, తామరలో చేరి దాన్నెలా మరిచావని. శాపం వల్ల శకుంతల గుర్తులేని దుష్యంతుడికి ఎందుకో తెలియని దిగులు పుడుతుంది. మతిమరుపు మొగుడి కథ అనుకునే పిల్లకాయలకు, మతి మరిచినా మనసు మరవలేదని ఇక్కడే తెలియాలి. అందుకే ఆ పాట తెలుగులో కట్టి క్లాసులో పాడాను.

హంసపదిక పాట యాలించి నృపుడేల
కలగె ననుచుఁ బిల్లకాయ లడుగ
మాటలేక కొంత మౌనాన నుంచితి
పాట మానగానె పాఠ మెక్కె

కందుకూరు సభ్యుడు:
‘మౌనాన నుంచితి’, ఎవరిని? కర్మ లేదు. ‘కొంత’ తీసి ‘వారి’ అంటే గణం చెడదు.

కావలి టీచరు:
పిల్లకాయలు పై పాదంలోనే ఉన్నారు కదా. పైగా ‘వారి మౌనాన’ అంటే వాళ్ల మౌనం అనిపిస్తుంది. ‘కొంత’ పోతే పాటకూ పాఠానికీ నడుమ ఆగిన సేపు పోతుంది.

నిర్వాహకుడు:
‘కొంత’ ఉండాల్సిందే. ఈ వారం పద్యం ఇదే.

ఒంగోలు హార్మోనిస్టు:
ఒప్పుకున్నా. ఏ రాగమమ్మా?

కావలి టీచరు:
ముఖారి.

ఒంగోలు హార్మోనిస్టు:
బాగుంది. ఈసారి షడ్జమంలో, అంటే ‘స’లో ముగించకుండా రిషభం, అంటే ‘రి’ మీద వదిలేయండి. పాట తెగినట్టుండి, రాజు దిగులు మీరు చెప్పకముందే పిల్లకాయలకు అందుతుంది.